డాక్యుమెంటేషన్ సవరణకు దారి సులువు చేయడం: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడిపేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

తిరుపతి బాలాజీ కాలనీలో హాస్టల్లో ఉండే ఒక ఇంజినీరింగ్ అమ్మాయి, ఏదో ఓపెన్ సోర్స్ టూల్‌ని ఇన్‌స్టాల్ చేసుకుంటోందనుకోండి. గైడ్‌లో మూడో కమాండ్ దగ్గర ఎర్రర్ వచ్చి పని ఆగింది. ఆ కమాండ్‌లో ఉన్న ఫైలు పేరు ఇప్పుడు ప్రాజెక్టులోనే లేదు, కిందటి వెర్షన్‌లో మార్చేశారు. కాసేపు వెతికితే సరైన పేరు దొరికింది, ఇన్‌స్టాల్ అయిపోయింది. ఆ గైడ్‌లో తప్పు ఎక్కడుందో ఆ నిమిషానికి అందరికంటే బాగా తెలిసింది ఆ అమ్మాయికే. ప్రాజెక్టు రాసినవాళ్ళకు కూడా తెలీదు. వాళ్ళకు అన్ని కమాండ్లూ నోటికొచ్చు కాబట్టి ఆ పేజీ తెరిచే అవసరమే రాదు.

పోనీ సరిచేద్దామని, మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ పేజీ తెరిచింది. ముందు ఇష్యూ (సమస్య ఇదని చెప్పే నోటు) పెట్టాలి, ఎవరైనా దాన్ని తన పేరున రాసేదాకా ఆగాలి, నోడ్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి, టెస్టులన్నీ తన మెషీన్‌లో నడపాలి, కమిట్ మెసేజ్ (మార్పు వెంట రాసే చిన్న వివరణ) ఫలానా పద్ధతిలో ఉండాలి, ఆపైన తన రాతను ప్రాజెక్టు వాడుకోవచ్చనే ఒప్పందం మీద సంతకం చేయాలి. ఇంతా ఒక్క ఫైలు పేరు మార్చడానికి. ఆమె ట్యాబ్ మూసేసింది. వారం తిరిగేసరికి ఆ తప్పు ఆమెకు గుర్తు కూడా ఉండదు. వెనక వచ్చేవాళ్ళు మాత్రం ఒకరి తర్వాత ఒకరు అదే కమాండ్ దగ్గర ఆగుతూనే ఉంటారు.

ఓపెన్ సోర్స్ కోడ్ ఎక్కువగా ఉండే సైట్ గిట్‌హబ్. 2017లో అది చేసిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది, డాక్యుమెంటేషన్ అసంపూర్తిగానో పాతబడిపోయో ఉండటం తాము చూసిన సమస్య అన్నారు. అదే సర్వేలో 60 శాతం కాంట్రిబ్యూటర్లు (మార్పులు పంపేవాళ్ళు) తాము డాక్యుమెంటేషన్‌కి ఎప్పుడో తప్ప రాయం, లేదా అసలు రాయమని చెప్పారు. వీళ్ళకు బద్ధకమని నేననుకోను. ఒక వాక్యం మార్చడానికీ, ఒక ఫీచర్ రాయడానికీ ఒకే తతంగం పెడితే వాక్యం మార్చేవాళ్ళు రారు.

కొత్తగా వచ్చినవాళ్ళ తికమకకు ఆయుష్షు చాలా తక్కువ. పని తెలిసిపోగానే ఎక్కడ తికమకపడ్డారో వాళ్ళే మర్చిపోతారు. అందుకే తప్పు కనిపించిన చోటే, కనిపించిన ఆ కాసేపట్లోనే సరిచేసే వీలుండాలి. మిగతా బరువు ఏదైనా మెయింటైనర్, అంటే ప్రాజెక్టు నడిపే మనిషి, మోయాలి, లేదా మెషీన్ మోయాలి. ఈ గైడ్‌లో చెప్పేదంతా ఆ ఏర్పాటు గురించే. గిట్‌హబ్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. గిట్‌ల్యాబ్‌లోనూ ఇలాంటి సౌకర్యాలే ఉంటాయి, పేర్లు మాత్రం కొంచెం మారతాయి.

మొదటి అడుగు: మీ దారిలో మీరే ఒకసారి నడవండి

మీ మెయింటైనర్ అకౌంట్‌తో చూస్తే ఏ అడ్డూ కనిపించదు, ఎందుకంటే మీకు అన్ని అనుమతులూ ఉన్నాయి. ప్రాజెక్టుతో సంబంధం లేని స్నేహితుడినో, కాలేజీలో చదివే తమ్ముడినో పక్కన కూర్చోబెట్టుకోండి. "ఈ పేజీలో ఈ పదం తప్పుంది, సరిచేసి పంపు" అని మాత్రం చెప్పి ఇక నోరు మెదపకండి. అతను ఎక్కడ ఆగాడో, ఏం చదివి మొహం చిట్లించాడో రాసుకోండి. మీకు చెప్పాలని నాలుక దురద పెడుతుంది, అయినా చెప్పొద్దు.

ఇంకో విషయం. మన దగ్గర చాలామంది విద్యార్థులకు సొంత ల్యాప్‌టాప్ ఉండదు. కాలేజీ ల్యాబ్‌లో మెషీన్ ఉన్నా అందులో ఏదీ ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఉండదు. కాబట్టి ఇదే పరీక్ష ఫోన్ బ్రౌజర్‌లో కూడా చేయించండి. ఫోన్‌లో పని పూర్తయిందంటే మీ దారి నిజంగా సులువైనట్టే.

రాసుకున్న అడ్డంకులు ఒక్కొక్కటీ తీసుకుని, ఇది ఎందుకుంది అని అడగండి. కొన్ని భద్రత కోసమో చట్టం కోసమో ఉంటాయి, వాటిని ఉంచాలి, కానీ తేలిక చేయొచ్చు. కొన్ని కోడ్ కోసం పెట్టినవి, డాక్యుమెంటేషన్‌కి పొరపాటున అంటుకున్నవి. ఇంకొన్ని ఎందుకున్నాయో ఎవరికీ తెలీదు, పెద్ద ప్రాజెక్టుల్లో చూసి కాపీ చేసుకున్నవి. వాటిని ఇవాళే తీసేయండి.

రెండో అడుగు: ప్రతి పేజీలో ఎడిట్ బటన్

ఈ ఒక్క పని చేసి మిగతా గైడ్ వదిలేసినా సగం ఫలితం వస్తుంది. గిట్‌హబ్‌లో ఏ ఫైలు మీదైనా పెన్సిల్ గుర్తు నొక్కితే, ఆ రెపోలో (ప్రాజెక్టు ఫైళ్ళుండే చోట) రాసే అనుమతి లేనివాళ్ళకు కూడా ఎడిటర్ తెరుచుకుంటుంది. ఫోర్క్ చేయడం (సొంత కాపీ తీసుకోవడం), బ్రాంచ్ తీయడం (మార్పులకు విడి పాయ తెరవడం) అన్నీ గిట్‌హబ్ తనే వెనక చూసుకుంటుంది. వాళ్ళు మార్పు రాసి, ప్రపోజ్ ఛేంజెస్ నొక్కి, పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలుపుకోండనే అభ్యర్థన) పంపేస్తే చాలు. గిట్ కమాండ్ ఒక్కటి కూడా రానక్కర్లేదు.

చిక్కంతా, చదివేవాళ్ళు ఉండేది గిట్‌హబ్‌లో కాదు, మీ డాక్యుమెంటేషన్ సైట్‌లో. అక్కడ చదువుతున్న పేజీకీ, రెపోలో దాని మూల ఫైలుకీ మధ్య తోవ చూపేవాళ్ళు లేకపోతే పెన్సిల్ గుర్తు ఎంత సులువైనా వృథా. డాక్యుమెంటేషన్ సైట్లు తయారుచేసే టూళ్ళలో ఎమ్‌కేడాక్స్ వాడుతుంటే రెపో యూఆర్‌ఎల్, ఎడిట్ యూఆర్‌ఐ అనే రెండు సెట్టింగులు నింపండి. దాని మెటీరియల్ థీమ్‌లోనైతే ఎడిట్ బటన్ ఫీచర్‌ను విడిగా ఆన్ చేయాలి. డాక్యుసారస్‌లో ఎడిట్ యూఆర్‌ఎల్ అనే సెట్టింగ్ ఉంది. రీడ్ ద డాక్స్ థీమ్‌తో వచ్చే స్ఫింక్స్ సైట్లలో పేజీ పైభాగంలోనే ఎడిట్ ఆన్ గిట్‌హబ్ లింక్ పెట్టొచ్చు.

బటన్ పెట్టేసి ఊరుకోకండి, నొక్కి చూడండి. రెండు చోట్ల అది దారి తప్పుతుంది. మొదటిది, పాఠకుడు స్టేబుల్ వెర్షన్ పేజీ చదువుతుంటే బటన్ ఆ వెర్షన్ ట్యాగ్ (విడుదలకు వేసిన గుర్తు) కింది ఫైలుకు తీసుకెళ్ళవచ్చు. గిట్‌హబ్‌లో బ్రాంచ్ మీద ఉంటేనే ఎడిట్ చేయగలం, ట్యాగ్ మీద కుదరదు. అందుకే లింక్ ఎప్పుడూ మెయిన్ బ్రాంచ్‌కే వెళ్ళేలా పెట్టండి.

రెండోది, కోడ్‌లోనే రాసిన వివరణల (డాక్‌స్ట్రింగ్స్) నుంచి వాటంతట అవే తయారయ్యే ఏపీఐ పేజీలు. అక్కడ ఎడిట్ నొక్కితే ఆ వివరణను తెమ్మని చెప్పే డైరెక్టివ్ లైను తప్ప ఇంకేమీ లేని ఫైలు తెరుచుకుంటుంది. సరిచేయాలని వచ్చినవాడు, తను చూసిన వాక్యం ఎక్కడుందో తెలీక వెనక్కి పోతాడు. అలాంటి ఫైళ్ళలో పైనే ఒక వ్యాఖ్య పెట్టండి: "ఈ పేజీలోని వివరణ కోడ్ నుంచి వస్తుంది. మార్చాలంటే ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫైలు చూడండి." ఆ ఒక్క లైను మనిషిని నిలబెడుతుంది.

మూడో అడుగు: కాంట్రిబ్యూటింగ్ ఫైలును రెండుగా విడగొట్టండి

కాంట్రిబ్యూటింగ్ ఫైలు రెపో మొదట్లోగానీ, డాక్స్ ఫోల్డర్‌లోగానీ, డాట్ గిట్‌హబ్ ఫోల్డర్‌లోగానీ ఉంటే, ఎవరైనా ఇష్యూగానీ పుల్ రిక్వెస్ట్‌గానీ తెరిచేటప్పుడు గిట్‌హబ్ దాని లింక్ చూపిస్తుంది. అంటే అందరూ చూసే పేజీ అది. దాని పైభాగంలో, కోడ్ సంగతులు మొదలుకాకముందే, డాక్యుమెంటేషన్ కోసం ఒక చిన్న భాగం పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను, మీకు నచ్చితే తీసుకోండి:

"డాక్యుమెంటేషన్‌లో తప్పు కనిపించిందా? ఆ పేజీలోని ఎడిట్ బటన్ నొక్కి, సరిచేసి, పంపేయండి. ముందు ఇష్యూ పెట్టనక్కర్లేదు. ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. టెస్టులు మేం చూసుకుంటాం. ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక్క వాక్యంలో రాయండి, తెలుగులోనైనా సరే. కొత్త పేజీ మొత్తం రాయాలనుకుంటే మాత్రం ముందు ఒక మాట చెప్పండి, మీ శ్రమ వృథా కాకుండా ఉంటుంది."

అంతే. కోడ్ రాసేవాళ్ళ నియమాలన్నీ దీని కింద, లేదా వేరే పేజీలో. పైన చెప్పిన చివరి వాక్యం ముఖ్యం. చిన్న సవరణకు అనుమతి అడిగించడం ఎంత తప్పో, పెద్ద పనికి ముందు మాట్లాడుకోకపోవడం కూడా అంతే తప్పు. రెండు రాత్రులు కూర్చుని ట్యుటోరియల్ రాసి పంపినవాళ్ళకు "ఈ ఫీచర్ వచ్చే వెర్షన్‌లో తీసేస్తున్నాం" అని చెప్పాల్సి వస్తే, ఆ మనిషి మళ్ళీ రాడు.

ఇష్యూ అక్కర్లేదంటే క్రమశిక్షణ పోతుందని కొందరికి భయం. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో ప్రాజెక్టు ఎన్నో ఏళ్ళుగా అక్షరదోషాలకూ, డాక్యుమెంటేషన్‌లో చిన్న మార్పులకూ టికెట్ అడగదు. పైథాన్ భాష అసలు ప్రాజెక్టైన సీపైథాన్ కూడా అక్షరదోషాల్లాంటి చిన్నవాటికి ఇష్యూ అక్కర్లేదంటుంది. అంతంత పెద్ద ప్రాజెక్టులకు లేని టెన్షన్ మనకెందుకు?

నాలుగో అడుగు: టెస్టుల గొడవ తప్పించండి

ఇక్కడ కొంచెం నిదానించాలి. డాక్యుమెంటేషన్ సవరణలు ఎక్కువగా ఊపిరాడక ఆగేది ఈ దశలోనే, బయటికి కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఒక వాక్యం మార్చి పుల్ రిక్వెస్ట్ పంపగానే మీ టెస్టులన్నీ పరుగెత్తుతాయి. అందులో ఏదో ఒకటి, ఆ వాక్యంతో ఏ సంబంధమూ లేనిది, ఫెయిలవుతుంది. పంపినవాళ్ళకు కనిపించేది ఎర్రటి ఇంటూ గుర్తు. తామే ఏదో చెడగొట్టామనుకుని కంగారుపడి, క్షమాపణ రాసి, పుల్ రిక్వెస్ట్ మూసేసుకున్నవాళ్ళు కూడా ఉంటారు.

దీనికి అందరికీ తట్టే పరిష్కారం, టెస్టులను వాటంతట అవే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో, ఫలానా ఫైళ్ళు మారితే పట్టించుకోవద్దనే పాత్స్-ఇగ్నోర్ పెట్టి, డాక్స్ ఫోల్డర్ మాత్రమే మారితే టెస్టుల వర్క్‌ఫ్లో అసలు మొదలవకుండా చేయడం. అందులో ఒక ఉచ్చు ఉంది. ఆ టెస్టును మీరు బ్రాంచ్ రక్షణ నియమాల్లో తప్పనిసరి చెక్‌గా పెట్టి ఉంటే, వర్క్‌ఫ్లో మొదలవలేదు కాబట్టి ఆ చెక్ పెండింగ్‌లోనే ఉండిపోతుంది. మెర్జ్ బటన్ (మార్పును ప్రాజెక్టులో కలిపేది) తెరుచుకోదు. ఎంతసేపు ఎదురుచూసినా అంతే.

సరైన పద్ధతి వేరే. వర్క్‌ఫ్లోను ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ మొదలవనివ్వండి. మొదటి జాబ్‌లో ఏ ఫైళ్ళు మారాయో చూడండి. కోడ్ మారకపోతే, టెస్టు జాబ్‌ను ఇఫ్ షరతుతో దాటేయండి. ఇలా షరతు వల్ల దాటేసిన జాబ్‌ను గిట్‌హబ్ విజయవంతమైనట్టే లెక్కేస్తుంది, మెర్జ్‌కు అడ్డు రాదు. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ, ఈ తేడా తెలీక రోజుల తరబడి ఆగిపోయే పుల్ రిక్వెస్టులు బోలెడు.

ఇంకొకటి. 2021 నుంచి గిట్‌హబ్, మొదటిసారి కాంట్రిబ్యూట్ చేసేవాళ్ళ పుల్ రిక్వెస్టుల మీద వర్క్‌ఫ్లోలు నడవాలంటే మెయింటైనర్ అనుమతి ఇవ్వాలనే నియమం తెచ్చింది. ఉచిత మెషీన్లను క్రిప్టో మైనింగ్‌కు దుర్వినియోగం చేసేవాళ్ళు ఎక్కువయ్యారు మరి. ఆ నియమం మంచిదే, ఎత్తేయొద్దు. కానీ దాని ఫలితం ఏమిటంటే, కొత్తగా వచ్చిన మనిషి పంపిన మొట్టమొదటి సవరణ, మీరు ఒక బటన్ నొక్కేదాకా కదలదు. ఆ సంగతి వాళ్ళకు తెలీదు. కాబట్టి మీ టీమ్‌లో ఎవరో ఒకరు రోజూ ఒకసారి ఆ క్యూ చూసేలా వంతులు వేసుకోండి. పొద్దున కాఫీ తాగుతూ చూసే పని అది.

డాక్యుమెంటేషన్ మార్పులకు రెండు చెక్‌లు చాలు. సైట్ బిల్డ్ అవుతోందా, లింకులు పనిచేస్తున్నాయా. లింకుల చెక్‌లో కూడా బయటి సైట్ల లింకులు తప్పనిసరి చేయకండి. ఎక్కడో ఎవరిదో సర్వర్ పడిపోతే మన కాంట్రిబ్యూటర్ ఎందుకు ఆగాలి? బయటి లింకులను వారానికోసారి విడిగా చెక్ చేయించుకోండి.

ప్రివ్యూ మాత్రం తప్పకుండా పెట్టండి. రీడ్ ద డాక్స్‌లో పుల్ రిక్వెస్టుల బిల్డ్ ఆన్ చేస్తే, ప్రతి సవరణకూ ఆ మార్పుతో సైట్ ఎలా ఉంటుందో చూపే లింక్ వస్తుంది. నెట్లిఫై కూడా ఇదే ఇస్తుంది. తన వాక్యం నిజమైన పేజీలో కనిపించగానే పంపిన మనిషికి వచ్చే ధైర్యం వేరు. మీక్కూడా బ్రాంచ్ దింపుకుని బిల్డ్ చేసే పని తప్పుతుంది.

ఐదో అడుగు: సంతకాలు, కమిట్ మెసేజ్‌లు

మీ ప్రాజెక్టుకు ఒప్పంద పత్రం నిజంగా కావాలా అని ముందు ఆలోచించండి. చాలా చిన్న ప్రాజెక్టులకు అక్కర్లేదు. రాసింది తమదేనని, పంపే హక్కు తమకుందని కాంట్రిబ్యూటర్లు చెప్పాలనుకుంటే డీసీఓ (డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్) సరిపోతుంది. 2004లో లినక్స్ కెర్నల్ కోసం పుట్టిన పద్ధతి అది. కమిట్ చివర సైన్డ్-ఆఫ్-బై అని పేరు, ఈమెయిల్ పెడితే చాలు.

అయితే ఆ లైను ఉందో లేదో చూసే డీసీఓ బాట్ పెట్టిన ప్రాజెక్టుల్లో, బ్రౌజర్లో ఎడిట్ చేసినవాళ్ళకు ఒక తలనొప్పి ఉండేది. పెన్సిల్ గుర్తు నొక్కి సులువుగా మార్పు పంపితే, చివర్లో ఆ లైను లేదని బాట్ తిప్పికొట్టేది. సరిచేయాలంటే గిట్ కమాండ్లు కావాలి. అంటే రెండో అడుగులో తీసేసిన గోడను ఇక్కడ మళ్ళీ కట్టినట్టు. 2022లో గిట్‌హబ్ దీనికి రెపో సెట్టింగ్ తెచ్చింది. అది ఆన్ చేస్తే బ్రౌజర్లో చేసే కమిట్లకు సైన్-ఆఫ్ లైను దానంతటదే చేరుతుంది. డీసీఓ అడిగే ప్రతి ప్రాజెక్టులోనూ ఇది ఆన్‌లో ఉండాలి.

కమిట్ మెసేజ్‌ల విషయానికొస్తే, కమిట్లన్నిటినీ ఒకటిగా కలిపే స్క్వాష్ మెర్జ్ వాడి, మెర్జ్ చేసేటప్పుడు శీర్షికను మీకు కావలసిన పద్ధతిలో మీరే రాసుకోండి. "అప్‌డేట్ ఇన్‌స్టాల్ ఫైల్" అని గిట్‌హబ్ తానే పెట్టిన మెసేజ్‌ను వాళ్ళచేత మార్పించడం వల్ల ఎవరికీ లాభం లేదు.

ఆరో అడుగు: రాసే ఫార్మాట్ సాదాగా ఉంచండి

పైథాన్ డాక్యుమెంటేషన్ ఒకప్పుడు లేటెక్‌లో ఉండేది. గణిత పత్రాలకు అది అద్భుతమైనదే గానీ, ఒక పేరా సరిచేయడానికి వచ్చినవాళ్ళకు అదొక కొత్త భాష. 2007లో గియోర్గ్ బ్రాండ్ల్ ఆ మొత్తాన్ని రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే సాదా ఫార్మాట్‌లోకి మార్చాడు. ఆ పని కోసం తయారైన టూలే స్ఫింక్స్. ఇవాళ లినక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్ కూడా దానితోనే తయారవుతోంది. ఫార్మాట్ సులువు చేయడం ఎంత దూరం వెళ్తుందో అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

కొత్త ప్రాజెక్టైతే మార్క్‌డౌన్‌తో మొదలుపెట్టండి. చాలామందికి అది ముందే అలవాటు. ప్రత్యేకమైన కాంపొనెంట్లు, షార్ట్‌కోడ్లు పేజీల్లో ఎంత తక్కువుంటే అంత మంచిది. ప్రతిదాన్నీ కొత్తవాళ్ళు నేర్చుకోవాల్సి వస్తుంది.

ఒక వాక్యానికి ఒక లైను అనే పద్ధతి పాటించండి. పేరా మొత్తం ఒకే పొడవాటి లైనుగా ఉంటే, అందులో ఒక్క పదం మార్చినా తేడా చూపే తెరలో పేరా మొత్తం మారినట్టు కనిపిస్తుంది, ఇద్దరు ఒకే పేరాలో వేర్వేరు చోట్ల సవరిస్తే ఘర్షణ వస్తుంది. వాక్యానికో లైను ఉంటే ఏది మారిందో ఇట్టే తెలుస్తుంది. సైట్‌లో మాత్రం మామూలు పేరాలాగే కనిపిస్తుంది. దీన్ని నియమంగా పెట్టి రాసేవాళ్ళ మీద రుద్దకండి, మీ పాత ఫైళ్ళను అలా మార్చి ఉంచండి. కొత్తవాళ్ళు చూసి అలాగే రాస్తారు.

ఏడో అడుగు: రివ్యూ

తిరుపతిలో వారాంతాల్లో కొంతమంది విద్యార్థులకు ఓపెన్ సోర్స్ పని చూపిస్తుంటాను. అందులో ఒకమ్మాయి ఒక రోజు ఫోన్ నా ముందు పెట్టింది.

"అన్నా, ఇది చూడు. వారం నుంచి ఇట్లే ఉండాది."

"ఏమైందమ్మా?"

"కమాండ్ తప్పుంటే సరిచేసినా. అది కరెక్టే అన్నారు. కానీ పక్క వాక్యంలో కామా తీసేయమన్నారు, తీసేసినా. మళ్ళీ ఆ హెడ్డింగ్ మార్చమన్నారు. ఆ హెడ్డింగ్ నేను రాసింది కాదన్నా!"

చూశాను. కమాండ్ సవరణ మొదటి రోజే ఒప్పుకున్నారు. తర్వాత ఏడెనిమిది వ్యాఖ్యలు, అన్నీ ఆమె ముట్టుకోని లైన్ల గురించి. తప్పుడు కమాండ్ మాత్రం ఆ వారమంతా సైట్‌లో అలాగే ఉంది.

రివ్యూ చేసేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఈ మార్పు వల్ల పేజీ ముందుకంటే మెరుగైందా? అయితే మెర్జ్ చేయండి. మిగతా లోపాలు ముందు నుంచీ ఉన్నవే, వాటిని వేరే పుల్ రిక్వెస్ట్‌లో మీరు సరిచేయండి. సవరించిన లైన్లలోనే చిన్న దోషం ఉంటే, గిట్‌హబ్ 2018లో తెచ్చిన సజెస్టెడ్ ఛేంజెస్ వాడండి. మీరు రాసిన మార్పును వాళ్ళు ఒక్క క్లిక్‌తో కలుపుకోవచ్చు. ఇంకా తేలికైన దారి, పుల్ రిక్వెస్ట్‌లో మెయింటైనర్లు ఎడిట్ చేయొచ్చనే టిక్ ఉంటే, ఆ బ్రాంచ్‌లో మీరే సరిచేసి మెర్జ్ చేసేయడం. సొంత అకౌంట్ ఫోర్క్‌ల నుంచి వచ్చేవాటికి ఆ టిక్ సాధారణంగా ముందే పెట్టి ఉంటుంది. "మీ సవరణ కరెక్ట్, అక్షరదోషం ఒకటి ఉంటే నేనే సరిచేశాను, థ్యాంక్స్" అని రాస్తే ఎవరూ నొచ్చుకోరు.

విషయంలో తప్పుంటే మాత్రం మొహమాటపడొద్దు. డాక్యుమెంటేషన్‌లో శైలి కంటే నిజం ముఖ్యం. కమాండ్ పనిచేస్తుందో లేదో మీరు నడిపి చూడాలి, ఆ బాధ్యత పంపినవాళ్ళది కాదు. శైలి నియమాలు మీకు అంత ముఖ్యమైతే వేల్ లాంటి లింటర్‌కు (రాతలో దోషాలు పట్టే టూల్‌కు) అప్పగించండి, అదీ హెచ్చరికగానే ఉండాలి, అడ్డుకునేలా కాదు. మెషీన్ చెప్తే ఎవరూ మనసులో పెట్టుకోరు.

ఎనిమిదో అడుగు: కోడ్ రానివాళ్ళకు తలుపు తెరవండి

ఉమ్మడి చిత్తూరు జిల్లా మామిడి మండీల ధరలు చూపించే ఓపెన్ సోర్స్ యాప్ ఒకటుందనుకుందాం. సహాయం పేజీలో ధరలు క్వింటాల్ లెక్కన అని రాశారు, నిజానికి యాప్ తోతాపురి ధరను టన్ను లెక్కన చూపిస్తోంది. ఈ తప్పు ముందు పట్టేది ప్రోగ్రామర్ కాదు, దామలచెరువులో కాయలు అమ్మే రైతు కొడుకు. అతనికి గిట్‌హబ్ అకౌంట్ లేదు, తెరవాలనీ లేదు. అలాంటివాళ్ళ కోసం ప్రతి పేజీ కింద "ఈ పేజీలో ఏదైనా తప్పుందా?" అని ఒక చిన్న ఫారం పెట్టండి. ఒకే ఒక్క పెట్టె, పేరు అడగొద్దు. వచ్చినవాటిని మీరే ఇష్యూలుగా మార్చుకోండి.

గిట్‌హబ్ అకౌంట్ ఉండి ఎడిట్ చేయడానికి జంకేవాళ్ళకు ఇష్యూ ఫారం ఉండాలి. అందులో మూడే ప్రశ్నలు: ఏ పేజీ, అక్కడ ఏముంది, ఏముంటే బాగుండేది. బ్రౌజర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ అడిగే బగ్ ఫారాన్నే డాక్యుమెంటేషన్‌కి కూడా వాడకండి.

తొమ్మిదో అడుగు: తెలుగు డాక్యుమెంటేషన్ ఉంటే

అనువాదకులను ఫైళ్ళ మధ్య తిప్పొద్దు. వెబ్‌లేట్ లాంటి వేదికలో బ్రౌజర్‌లోనే ఒక వాక్యం చూసి ఇంకో వాక్యం రాసే వీలుంటుంది, మార్పులు రెపోలోకి వాటంతట అవే వస్తాయి. పదాల పట్టిక ఒకటి చిన్నదిగా పెట్టండి. సెట్టింగ్స్‌ను సెట్టింగులు అంటారా, అమరికలు అంటారా అని ప్రతి పుల్ రిక్వెస్ట్‌లోనూ కొట్టుకోకుండా ఒకసారి తేల్చుకుంటే పోతుంది. నా ఓటు ఎప్పుడూ జనం నోట్లో ఉన్న పదానికే.

మన లిపికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇన్‌స్టాల్ అనే పదంలో పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం వాడతాం. అది లేకపోతే నకారం, సకారం కలిసి ఒత్తుగా మారిపోతుంది. ఫోన్ కీబోర్డుల్లో కొన్నింట్లో అది తేలిగ్గా దొరకదు, కాబట్టి ఒకరు దానితో, ఒకరు అది లేకుండా రాస్తారు. మామూలు వెతుకులాట ఆ రెండింటినీ వేర్వేరు పదాలుగానే చూస్తుంది. పాఠకుడు వెతికితే సగం పేజీలే దొరుకుతాయి. దీన్ని రాసేవాళ్ళ చేత సరిచేయించకండి, వాళ్ళకు తేడా కంటికి కనిపించదు. పదాల పట్టిక చూసి ఆ పదాలను ఒకే రూపానికి మార్చే చిన్న స్క్రిప్టును మెర్జ్ తర్వాత నడిపించుకోండి.

ఫైళ్ళ పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, లింక్‌లో ఎన్‌కోడ్ అయితే అదే 9 అక్షరాలు అవుతుంది. చిన్న పేరు కూడా వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల తోరణంలా కనిపిస్తుంది.

పదో అడుగు: చెత్తను ఆపడం, మంచిని గుర్తించడం

దారి సులువైతే పనికిరానివి కూడా వస్తాయి. పుల్ రిక్వెస్టులు పంపినవాళ్ళకు టీ-షర్ట్ ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో, 2020లో, ఆ టీ-షర్ట్ కోసం రీడ్‌మీ ఫైళ్ళలో అర్థంలేని మార్పులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. అప్పుడే నిర్వాహకులు నియమం మార్చి, కోరుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. అలాంటివి వస్తే వివరణ రాయకుండా స్పామ్ లేబుల్ పెట్టి మూసేయండి. వాటి భయంతో అందరికీ నియమాలు బిగించొద్దు. పనికిరాని పుల్ రిక్వెస్ట్‌ను మూయడానికి అరనిమిషం పడుతుంది, మంచి కాంట్రిబ్యూటర్ తలుపు దగ్గర నుంచే వెళ్ళిపోతే అది మీకు తెలియను కూడా తెలియదు.

వచ్చినవాళ్ళ పేరు కనిపించేలా చేయండి. విడుదల నోట్స్‌లో డాక్యుమెంటేషన్ సవరించినవాళ్ళ పేర్లు కోడ్ రాసినవాళ్ళతో పాటు, అదే జాబితాలో ఉండాలి, కింద చిన్న అక్షరాల్లో కాదు. ఆల్ కాంట్రిబ్యూటర్స్ అనే బాట్ ఈ పనిని తేలిక చేస్తుంది.

కొత్తవాళ్ళ కోసం గుడ్ ఫస్ట్ ఇష్యూ లేబుల్‌తో కొన్ని డాక్యుమెంటేషన్ పనులు ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. "డాక్యుమెంటేషన్ మెరుగుపరచాలి" అని రాస్తే ఎవరూ ముట్టుకోరు. "ఇన్‌స్టాల్ పేజీలో విండోస్ కమాండ్ లేదు. లినక్స్ కమాండ్ కింద దాన్ని చేర్చాలి. కమాండ్ ఇదిగో" అని రాస్తే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు పంపుతారు. ఊళ్ళో కాలేజీలు ఇన్ని ఉన్నాయి. ఏదో ఒక కాలేజీలో శనివారం మధ్యాహ్నం ఒక గది అడగండి. విద్యార్థులచేత మీ ఇన్‌స్టాల్ గైడ్‌ను మొదటి లైను నుంచి పాటింపజేయండి. ఎక్కడ ఆగిపోతే అక్కడే ఎడిట్ బటన్ నొక్కమనండి. మీరు మాత్రం ల్యాప్‌టాప్ తెరిచి పక్కనే కూర్చుని, వచ్చిన సవరణను వచ్చినట్టే చూసి మెర్జ్ చేస్తూ ఉండండి. సాయంత్రం గది ఖాళీ చేసేలోపు ఒక్క పుల్ రిక్వెస్ట్ కూడా తెరిచి మిగలకుండా చూసుకోండి. తేలనివి ఉంటే ఎందుకు తేలలేదో, మళ్ళీ ఎప్పుడు చూస్తారో వాటి కింద రాసి బయల్దేరండి.